బాలింత పథ్యం తిన్న ఎలుకలు

మొన్న మా మనవడి భార్య పురిటిబిడ్డతో ఇంటికి వచ్చింది. చూడటానికి సేత్తూరు నుంచి వచ్చిన చుట్టం ఒకావిడ, ఆ పిల్ల కంచంలో గుడ్డు చూసి బుగ్గలు నొక్కుకుంది. "అయ్యయ్యో, బాలింతకు గుడ్డా! బిడ్డకు పడుతుందా?" నేను ఊరుకుంటానా? ఇంకో గుడ్డు తెప్పించి, ఆవిడ కళ్లముందే కంచంలో వేయించాను. ఆవిడ కాఫీ కూడా పూర్తిగా తాగకుండా బస్సుకు వెళ్లిపోయింది. పోనీ. ఈ మొండితనం నాకు మా చిన్నత్త దగ్గర అబ్బింది. ఆమె పక్షాన నిలబడి గెలిపించినవి మాత్రం ఎలుకలు.

చిన్నత్త అంటే నాయన చెల్లెలు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో తమిళసీమలోని మా రాజపాళయం ఆడపిల్ల మద్రాసు వెళ్లి సైన్సు చదవడమే వింత. చదివి, నీలగిరి కొండల మీద ఏదో లాబొరేటరీలో ఎలుకలకు తిండిపెట్టే ఉద్యోగంలో చేరడం ఇంకా వింత. ఎలుకలను మేపడానికా ఇంత చదువు అని ఊరంతా నవ్వింది. అక్కడ ఒకే ఈత ఎలుకపిల్లలను గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపుకు ఒక్కో ప్రాంతంవాళ్ల తిండి పెట్టి, ఏవి ఎలా ఎదుగుతున్నాయో తూచి చూస్తారట. సెలవు మీద ఇంటికి వస్తూ, అక్కడ మిగిలిపోయిన ఒక ఈత పిల్లలను బుట్టలో పెట్టుకుని రైల్లో తెచ్చేసింది. అప్పటికి మా అమ్మ నా తమ్ముణ్ణి కని పథ్యంలో ఉంది. మా ఇంటి పథ్యమంటే, తేలిగ్గా ఉంటుందని తెల్లటి మిల్లు బియ్యం అన్నం, మిరియాల చారు, కాల్చిన అప్పడం. పప్పు లేదు, ఆకుకూర లేదు, పాలు లేవు. దాహమంటే నీళ్లు కూడా గుక్కెడే. అదే ఇంట్లో నాయన తెల్ల వేటకుక్కకు మాత్రం పొద్దున్నే గుడ్డూ పాలూ! అమ్మకు పాలు తగ్గిపోయాయి. తమ్ముడు ఒళ్లు చేయడం మాట అటుంచి, రానురాను ముడుచుకుపోయాడు. వాడి ఏడుపు పిల్లికూన గొంతులా ఉండేది.

చిన్నత్త నేరుగా అవ్వతో తగువు పెట్టుకుంది. అవ్వంటే నాయన తల్లి, వంటింటి పెత్తనమంతా ఆమెదే.

"నేను ఇట్లే పత్తియం ఉండి బిడ్డలను పెంచినాను," అంది అవ్వ.

"బతికినోళ్లను చెప్తావు అమ్మా. పోయినోళ్లను ఏల చెప్పవు?"

అవ్వ ముఖం మాడిపోయింది. నాయన పేపరు చాటున దాక్కున్నాడు, ఆయన ధైర్యమంతా వేటకే. మాటలతో అయ్యే పని కాదని చిన్నత్త నట్టింట రెండు జాలీ పెట్టెలు పెట్టి, ఎలుక పిల్లలను సగం సగం పంచింది. ఒక పెట్టెకు నాయన కంచంలోని తిండి: దంపుడు బియ్యం అన్నం, పప్పు, మునగాకు, పాలు. రెండో పెట్టెకు అమ్మ పథ్యం. రెండింటికీ కడుపునిండానే పెట్టేది. రోజూ కందిపప్పు తూచే ఇత్తడి తక్కెడలో వాటిని తూచేది. ఆ తక్కెడను అవ్వ చింతపండుతో తోమించి, పసుపునీళ్లు చల్లించి, గొణుక్కుంటూ లోపల పెట్టించేది. పక్కనున్న తళవాయిపురం నుంచి కూడా జనం ఈ తమాషా చూడటానికి వచ్చేవాళ్లు. కొన్నాళ్లకే నాయన పెట్టె ఎలుకలు నిగనిగలాడాయి. అమ్మ పెట్టెవి ఎదుగూ బొదుగూ లేక, బొచ్చు రేగిపోయి, ఒక మూల కుప్పగా పడి ఉండేవి. అవ్వ అటు చూడకుండా తిరిగేది.

అంతలో ఏమైందో, అమ్మ పెట్టె ఎలుకలు కూడా బరువు పెరగసాగాయి. చిన్నత్త తల పట్టుకుంది. కొండల మీద చూసిందంతా అబద్ధమా అని తిండి మానేసి కూర్చుంది. అవ్వ 'చూసినావా మన పత్తియం' అని ఎగరాలి కదా? ఒక్క మాట అనలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఒక మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్న వేళ, అవ్వ ఆ పెట్టె ముందు చతికిలబడి, తన వంతు పాలన్నం ముద్దలు జాలీలోంచి తోస్తూ దొరికిపోయింది.

"ఏమమ్మా ఇది?" అంది చిన్నత్త వెనకనుంచి.

అవ్వ ఉలిక్కిపడి, వెంటనే తిరగబడింది. "పావం, ఇవి కూడా ప్రాణం తానే గదా! నా ఇంట్లో నోరులేని జీవం ఎండిపోతా ఉంటే నేను ఎట్ల చూసేది?"

"ఆమా, ప్రాణం తానే." చిన్నత్త అవునన్నట్టు తలూపి, అమ్మ గది వైపు వేలు చూపింది. "లోపల మా వదిన కూడా ఇదే తింటా ఉంది. ఆమె నోరు తెరిచింది నువ్వు ఎప్పుడన్నా చూసినావా?"

అవ్వ చేతిలో మిగిలిన ముద్దను జాలీలోంచి తోసేసింది. తర్వాత మోకాళ్లు పట్టుకుని లేచి వంటింట్లోకి వెళ్లింది. కుక్కకని ఉంచిన గుడ్లు ఉడికించి, పప్పన్నం కలిపి, చెంబునిండా పాలు తీసుకుని అమ్మ గదిలోకి నడిచింది. అమ్మ భయంభయంగా చిన్నత్త వైపు చూసింది. "దాన్ని ఏమి చూస్తావు? నేను చెప్తా ఉండాను, తిను!" అంది అవ్వ, తిడుతున్నట్టే. ఓడిపోయానని ఒప్పుకునే మనిషి కాదు. సాయంత్రం కుక్కకు గుడ్డేదని నాయన అడిగితే, "వేటకు పోయి తెచ్చుకోమను," అంది. ఆ రోజే చిన్నత్త రెండు పెట్టెల ఎలుకలనూ ఒకే పెట్టెలో కలిపేసి, అన్నిటికీ ఒకే తిండి పెట్టింది.

అమ్మకు పాలు పడ్డాయి. తమ్ముడు మెల్లగా ఒళ్లు చేశాడు. ఇవాళ వాడూ ముసలాడే, ఫోనులో "ఒరే బుడ్డోడా" అంటే విసుక్కుంటాడు. కాలమే అన్నీ మారుస్తుందని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. కాలం మారేదాకా మేము కూర్చుని ఉంటే, విసుక్కోవడానికి వాడు ఉండేవాడు కాదు.