సూర్ రేవులో నీళ్లు తాగిన పడవ

నిరుడు ఒమన్‌లో నాకు పద్నాలుగో ఏడాది. నేను మొబైల్ క్రేన్ ఆపరేటర్ని. లారీలా రోడ్డు మీద నడిచి వెళ్లి, పని ఉన్న చోట నాలుగు కాళ్లు చాపుకుని నిలబడి బరువులెత్తే బండి నాది. రూమ్ మస్కట్‌లోని రూవిలోనే, కానీ నిరుడు ఆ మంచం మీద నేను పడుకున్న రోజులు తక్కువ. జనవరిలో దుకుమ్‌లో పైపులెత్తాను. ఏప్రిల్‌లో సొహార్‌లో ఒక ఫ్యాక్టరీ కప్పు ఎత్తాను. జులైలో కంపెనీ సలాలా పంపింది. మిగతా దేశమంతా పెనంలా కాలుతుంటే అక్కడ తుంపర, పొగమంచు, కొండల నిండా పచ్చగడ్డి! డ్యూటీ దిగగానే నలభై ఏళ్ల మగాళ్లం చొక్కాలు విప్పి వానలో గంతులేశాం. మస్కట్‌లో ఉన్న శుక్రవారాల్లో ఘుబ్రా మైదానంలో క్రికెట్. నేను వికెట్ కీపర్ని. నా గ్లోవ్స్‌కి చిల్లులున్నాయని జట్టువాళ్లు నా మొహం మీదే అంటారు.

ఏడాది ఎలా గడిచిందని ఎవరైనా అడిగితే మాత్రం నేను ఇవేవీ చెప్పను. అక్టోబర్‌లో సూర్‌లో ఎత్తిన పడవ గురించి చెబుతాను. క్రేన్ పని మీద కుతూహలం ఉన్నవాళ్లకూ అదే చెప్పాలి. నా సర్వీసులో నేను చేసిన పెద్ద తప్పూ, నాకు కలిగిన పెద్ద సంతోషమూ ఆ ఒక్క పూటలోనే ఉన్నాయి.

సూర్ సముద్రం ఒడ్డు ఊరు. చెక్క పడవలు కట్టడంలో పేరున్న చోటు. అక్కడ సాలిం చాచా అనే డెబ్బై ఏళ్ల పెద్దాయన తన తండ్రి కట్టిన పాత పడవను రెండేళ్లపాటు పలక పలకా మార్చి బాగుచేశాడు. దాన్ని యార్డు నుంచి ఎత్తి నీళ్లలో దింపాలి. చూస్తే చిన్న పనే. కానీ దాని వెనక తండ్రీకొడుకుల పంతం ఉంది. కొడుకు హమద్ మస్కట్‌లో ఆఫీసరు, సీబ్‌లో కాపురం. ఈ వయసులో తండ్రి సముద్రం మీదికి వెళ్లడం అతనికి ఇష్టం లేదు. ఒక హోటల్‌వాళ్లు పడవను కొని తోటలో అలంకారంగా పెట్టుకుంటామన్నారు. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. ఈ పౌర్ణమి పోటుకు పడవ నీళ్లలో దిగి, లోపలికి చుక్క కారకుండా తేలితే అది చాచాది. కారిందా, హోటల్‌ది. అందుకే యార్డు గేటు దగ్గర ఒక ట్రైలర్ కూడా సిద్ధంగా ఉంది. పడవ సముద్రానికి పోయినా, ట్రైలర్ ఎక్కినా ఎత్తాల్సింది నేనే.

ముందురోజు నేనూ, మా రిగ్గర్ గంగారామూ యార్డు చూడటానికి వెళ్లాం. రిగ్గర్ అంటే బరువుకి బెల్టులు కట్టి, కింద నిలబడి ఆపరేటర్‌కి చేతి సైగలు ఇచ్చేవాడు. గంగారాంది జగిత్యాల దగ్గర, నాది నిర్మల్. ఏడేళ్లుగా ఒకే క్రేన్ మీద ఉన్నాం. పడవ చుట్టూ తిరిగి కొలతలు తీసుకున్నాం. హమద్ ఇచ్చిన కాగితంలో బరువు ఎనిమిది టన్నులని ఉంది. నేను లిఫ్ట్ ప్లాన్‌లో ఎనిమిది అని రాసేశాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. క్రేన్ ఎంత ఎత్తగలదన్నది అది ఎంత దూరం చేయి చాపిందన్నదాన్ని బట్టి ఉంటుంది. నిండు బిందెను ఒంటికి ఆనించి పట్టుకోవచ్చు, అదే చేయి చాపి పట్టుకుంటే నిమిషంలో భుజం లాగేస్తుంది. ఆ లెక్కల పట్టికను లోడ్ చార్ట్ అంటారు. పడవను నీళ్ల మీదికి చాపేసరికి నా చార్ట్ ప్రకారం పదకొండు టన్నులు దాటకూడదు. ఎనిమిదే కదా అని నిశ్చింతగా పోయి చేపల పులుసు తిని పడుకున్నాను.

పొద్దున్నే యార్డు తిరునాళ్లలా ఉంది. చాచా చుట్టాలు, పాత నావికులు, పిల్లలు, ఖర్జూరాల పళ్లేలు, కాఫీ ఫ్లాస్కులు. పది గంటలకు పోటు. అప్పుడు రేవు గోడ పక్కన నీళ్లు పడవకు సరిపడా లోతుంటాయి. ఆ తర్వాత ఆటు మొదలై నీళ్లు తగ్గిపోతాయి. తొమ్మిదింటికి నేను కేబిన్ ఎక్కాను. గంగారాం బొటనవేలు పైకెత్తాడు. ఏ బరువునైనా ముందు జానెడు ఎత్తి ఆగి చూడటం మా పద్ధతి. పడవ దిమ్మెల మీంచి లేచింది. అంతలో గంగారాం రెండు చేతులూ అడ్డంగా ఊపుతూ అరిచాడు.

“ఆపన్నా, ఆపు! ముంగటి ముక్కు కిందికి పోతుంది!”

మీటర్ చూశాను. పదకొండున్నర టన్నులు! దగ్గర్లో ఉంది కాబట్టి క్రేన్ మోసింది, అదే నీళ్ల మీదికి చాపి ఉంటే పడవతో పాటు నేనూ బోల్తా పడేవాణ్ణి. మెల్లగా మళ్లీ దిమ్మెల మీద దింపాను.

“మీటర్ ఖరాబైందా ఏందన్నా?” అన్నాడు గంగారాం.

“మీటర్‌కేం గాలే. నిచ్చెనేసి లోపటికి చూడు.”

వాడు ఎక్కి తొంగి చూసి తల పట్టుకున్నాడు. “మోకాళ్ల మట్టు నీళ్లున్నయన్నా!”

నాకు ఒళ్లు మండిపోయింది. పడవ లేస్తుంటే ఆ నీళ్లన్నీ ఒక పక్కకు ఉరికాయి, అందుకే ముక్కు వంగింది. కదిలే నీళ్లున్న బరువంటే ఏ క్రేన్ ఆపరేటర్‌కైనా హడలు. దిగి వెళ్లి, అంతమంది ముందు ఆ పెద్దాయన మీద హిందీలో విరుచుకుపడ్డాను. ఇన్ని నీళ్లు లోపల పెట్టుకుని ఎనిమిది టన్నులని ఎలా చెప్పారు, మనుషుల ప్రాణాలంటే ఆటగా ఉందా అని నోటికొచ్చినట్టు అన్నాను. యార్డువాళ్ల పంపు తెమ్మని గంగారాంని అరిచాను.

పంపు రాగానే చాచా దాని మీద చేయి వేసి అడ్డంగా నిలబడ్డాడు. కుర్రతనంలో ముంబై, కాలికట్ రేవులు తిరిగినవాడు, ఆయనకు హిందీ బాగానే వచ్చు. గొంతు పెంచలేదు.

“పానీ మత్ నికాలో బేటా. ఆరు రోజులుగా తాగుతోంది. ఇప్పుడే నిండింది.”

“ఎవరు తాగుతున్నారు?” అన్నాను, ఇంకా అదే కోపంతో.

ఆయన నా చేయి పట్టుకుని పడవ పక్క పలకల మీద పెట్టాడు. రెండు పలకల మధ్య నా గోరు దూరలేదు. చెక్క చల్లగా, బిగువుగా ఉంది. రెండేళ్లు ఎండలో నిలబడ్డ చెక్క కుంచించుకుపోయి సందులు పడతాయి. అలాగే దింపితే జల్లెడలా కారుతుంది. అందుకే టాంకర్‌తో మంచినీళ్లు తెప్పించి లోపల పోశాడు. చెక్క తాగి, ఉబ్బి, పలకలు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి.

నేను సిగ్గుతో చచ్చిపోయాను. మా నాన్నని మేం బాపు అంటాం. ఆయన వడ్రంగి పని చేసేవాడు. ఎండాకాలం వచ్చిందంటే బండి చక్రాల ఆకులు వదులై, ఇనుప పట్టా జారిపోతుందని వాటిని తీసి వాగు మడుగులో నానబెట్టేవాడు. చెక్క నీళ్లు తాగి బిగుస్తుందన్నది నేను అక్షరాలకన్నా ముందు నేర్చుకున్న సంగతి. చార్టులు చదవడం వచ్చాక అదెక్కడో పోయింది. ముందురోజు పడవ చుట్టూ తిరిగానే గాని నిచ్చెనేసి ఎక్కి చూడలేదు, కట్టినవాణ్ణి ఒక్క మాట అడగలేదు. తప్పు నాది, తిట్లు ఆయనకి.

“చాచా, నన్ను మాఫ్ చేయండి. అడగాల్సింది నేను. అడగకుండా అరిచాను,” అన్నాను. అందరూ వినేలాగే అన్నాను, ఎందుకంటే తిట్టినప్పుడు కూడా అందరూ విన్నారు.

ఆయన నా భుజం తట్టి పోటు వైపు చూపించాడు. తొమ్మిదింబావు. నీళ్లతో ఎత్తడం కుదరదు. నీళ్లు తోడేస్తే ఎండా, వడగాలీ కలిసి పలకలను మళ్లీ ఆరబెడతాయని ఆయన భయం. హమద్ అప్పటికే గేటు వైపు చూస్తున్నాడు.

“సదీక్, పోటు తప్పిపోతే ట్రైలర్ మీదే పెట్టేద్దాం,” అన్నాడు నాతో. సదీక్ అంటే స్నేహితుడు, ఇక్కడ అందరూ అందరినీ అలాగే పిలుస్తారు.

అప్పుడు మా వాగు నుంచి చక్రాలు తెచ్చే రోజులు కళ్లముందు మెదిలాయి. బాపు వాటిని తడి గోనెసంచుల్లో చుట్టి తెచ్చేవాడు. గంగారాంని చేపల మార్కెట్‌కి పరుగెత్తించాను. ఐసు దిమ్మల మీద కప్పే గోనెపట్టాలు పికప్ నిండా తెచ్చాడు. ఒక పక్క పంపు నీళ్లు తోడుతుంటే, తోడిన నీళ్లలోనే పట్టాలు ముంచి లోపలా బయటా పలకలకు అతికించాం. పాత నావికులు, చుట్టాలు కూడా చేయి వేశారు. చివరికి హమద్ కూడా పాదాల దాకా ఉన్న తెల్లటి దిష్‌దాషా అంగీ అంచు పైకి దోపి దిగాడు. చాచా పట్టాలను ఎంత మురిపెంగా సర్దాడంటే, చంటిపాపకు దుప్పటి కప్పుతున్నాడేమో అనిపించింది.

పదికి ఐదు నిమిషాలు తక్కువ ఉండగా బయటి పట్టాలు లాగేయించి మళ్లీ ఎత్తాను. మీటర్ ఎనిమిది దాటి కొంచెం. పడవ బల్లపరుపుగా లేచింది. గంగారాం చేయి తప్ప ప్రపంచంలో ఇంకేమీ చూడలేదు నేను. తిప్పాను, చాపాను, దింపాను. అడుగు నీళ్లను తాకగానే మీటర్‌లో అంకెలు దిగడం మొదలుపెట్టాయి. ఆరు, మూడు, ఒకటి. సముద్రం తన చేతుల్లోకి తీసుకుంది. ఒడ్డు మీద ఆడవాళ్లు ఒక్కసారిగా గొంతెత్తి సంబరంగా కూతలు పెట్టారు.

కానీ బెల్టులు విప్పలేదు. ఇరవై నిమిషాలు చూసి, కారితే మళ్లీ నేనే ఎత్తి ట్రైలర్‌కెక్కించాలి. నా చేయి లీవర్ మీదే ఉంది. ఆ చేతికి పని పడకూడదని ఎంతగా కోరుకున్నానో చెప్పలేను. చాచా లోపలి పట్టాలు తీసేశాడు. హమద్ కారులోంచి టిష్యూ డబ్బా తెచ్చి, ఒక్కో అతుకు మీదా తెల్ల కాగితం అద్ది చూస్తున్నాడు. పొడి. పొడి. మళ్లీ పొడి. వెనక భాగానికి వచ్చేసరికి కాగితం తడిసింది.

హమద్ తలెత్తి తండ్రి మొహంలోకి చూశాడు. చాచా ఆ తడిని వేలితో తీసి నాలుక మీద రాసుకుని, కొడుకు వైపు వేలు చాపాడు. నువ్వూ చూడు అన్నట్టు. హమద్ నమ్మలేదు. తనే వంగి అతుకు మీద వేలు రాసి నోట్లో పెట్టుకున్నాడు.

“హెలూ!” అని కేకపెట్టాడు. తియ్యగా ఉన్నాయని. ఉప్పు లేదు! అది సముద్రం కాదు, మా గోనెపట్టాల మంచినీళ్లు. అక్కడే మరో నాలుగు కాగితాలు అద్దాడు. నాలుగోది పొడిగా వచ్చింది. ఫోన్ తీసి హోటల్‌వాళ్లకు పడవ అమ్మడం లేదని అక్కడికక్కడే చెప్పేశాడు. గంగారాం హెల్మెట్ గాల్లోకి విసిరి, పట్టుకోలేక, సముద్రంలో పోగొట్టుకున్నాడు.

బెల్టులు విప్పాక చాచా మమ్మల్ని బలవంతంగా పడవ ఎక్కించాడు. పద్నాలుగేళ్లలో నేను ఎన్ని ఎత్తానో లెక్క లేదు, కానీ ఎత్తినదాంట్లో కూర్చోవడం అదే మొదటిసారి. చిన్న ఇంజిన్‌తో రేవు దాటి దీపస్తంభం దాకా వెళ్లాం. చల్లగాలి, ఎగిరే చేపలు, గంగారాం పాటలు! నాకు పిచ్చి సంతోషం వచ్చి బాపుకి వీడియో కాల్ చేశాను. ఆయన ఇప్పుడు నిర్మల్‌లో సోఫాల షాపులో పనిచేస్తాడు. జరిగినదంతా చెప్పి, ఫోన్ చాచా చేతికిచ్చాను.

“కట్టె ఏం కట్టె?” అన్నాడు బాపు.

నేను హిందీలో అడిగేలోపే చాచా పలక మీద గుద్ది “సాగ్వాన్!” అన్నాడు, టేకని. ఇక నా అవసరం లేకపోయింది. బాపు రంపం చూపించాడు, చాచా అతుకులు చూపించాడు, ఇద్దరూ తలలూపుకున్నారు. కాసేపటికి బాపు నన్ను పిలిచాడు.

“అంత మందిల పెద్దమనిషిని తిట్టినవ్ గదా, మాఫీ అడిగినవా?”

“అడిగిన బాపు.”

“పడవ తేలినంకనా, ముందా?”

“ముందే అడిగిన. అప్పటికింకా తేలుతదో లేదో తెల్వది.”

షాపులో రంపపు మోత మధ్య ఆయన గొంతు పెంచాడు.

“అయితే మంచిగనే ఎత్తినవ్,” అన్నాడు.

నా పని గురించి బాపు నోట మంచి మాట రావడం అదే మొదటిసారి. ఆ తర్వాత ఏడాది చివరిదాకా ఏది ఎత్తినా ముందు నిచ్చెనేసి లోపలికి చూశాను, కట్టినవాణ్ణి అడిగాకే కాగితం మీద బరువు రాశాను.