ఒళ్లు జాడించని పొట్టేలు

మా చిన్నాయిన పోయాడు. పోయిన నెల ఒక మధ్యాహ్నం, మేము పాలమూరు అని పిలిచే మహబూబ్‌నగర్ దవాఖానలో, నేను మంచం పక్కన ఉండగానే. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. ఆయనకు భార్యాబిడ్డలు లేరు, ఏడిస్తే నేనే ఏడవాలి. ఆ రోజు నాకు ఏడుపు రాలేదు. తర్వాత బడిలో నల్లబల్ల మీద ఊపిరితిత్తుల బొమ్మ గీస్తుంటే వచ్చింది. పిల్లల ముందు బాగుండదని గోడవైపే తిరిగి నిలబడ్డాను.

మేము గొర్లు కాసే కురుమలం. మాది పాలమూరు బస్సు దిగి, రాళ్ల బీడు దాటి చాలా దూరం నడవాల్సిన ఊరు. మా అమ్మానాయినలు నా పసితనంలోనే పోతే, నాయిన తమ్ముడైన ఈ చిన్నాయినే నన్ను సాకాడు. మాట తక్కువ మనిషి. ఏదైనా అడిగితే ముందు మబ్బు వైపు చూసి, తర్వాత జవాబు చెప్పేవాడు. చెవి మీద బీడీ పెట్టుకుని వెలిగించడం మరిచిపోయేవాడు. మొదటి ముద్ద కుక్కకు పెట్టనిదే తినేవాడు కాదు.

నేను చిన్న తరగతుల్లో ఉండగా చిన్నమ్మకు కాన్పు కష్టమైంది. ఎడ్లబండి మీద పాలమూరు దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే తల్లీబిడ్డా పోయారు. బండి వెనక్కి వచ్చింది. ఎడ్లను విప్పుతూ చిన్నాయిన, "మనింట్ల ఒగ డాక్టరుంటె..." అన్నాడు. ఆ మాట ఎన్నడూ పూర్తి చేయలేదు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఆ మాట నా మీద పడింది. నేను డాక్టరు కావాలి. నాకూ అదే కోరిక.

హైదరాబాదులో డాక్టరీ సీటుకు పరీక్ష రాయబోయే ముందు, ఆయన మా కులదైవం బీరప్పకు ఒక నల్ల పొట్టేలును మొక్కాడు. మొక్కిన పొట్టేలును మేము అమ్మం, ఉన్ని కత్తిరించం. కోరిక నెరవేరాక గుడి ముందు నిలబెట్టి వీపు మీద పసుపు నీళ్లు చల్లుతాం. అది ఒళ్లు జాడించాలి. అప్పుడే దేవుడు ఒప్పుకున్నట్టు. జాడించకపోతే కత్తి ఎత్తడానికి లేదు.

ఫలితం తెలిసేదాకా ఆగితే ఏ గొడవా ఉండేది కాదు. చిన్నాయిన ఆగలేదు. నా మీద ఆయనకు అంత నమ్మకం. చుట్టాలందరినీ పిలిచి, డోళ్లు కొట్టించి, ముందే నీళ్లు చల్లాడు. పొట్టేలు బండరాయిలా నిలబడింది. మళ్లీ చల్లారు. చెవిలో ఊదారు, బతిమాలారు. పొద్దు వాలేదాకా అది కదల్లేదు. ఎసరు పెట్టిన పొయ్యిలు ఆర్పి చుట్టాలు లేచి వెళ్లిపోయారు.

తర్వాత ఫలితం చూసుకోవడానికి రైల్లో హైదరాబాదు పోయాను. కాలేజీ బోర్డు మీద నా నంబరు లేదు. గుమాస్తాను అడిగితే మార్కులు చెప్పాడు. సీటుకు దరిదాపుల్లో కూడా లేను. ఊరికి తిరిగొచ్చి నేరుగా మంద దగ్గరికి వెళ్లాను. చిన్నాయిన నా ముఖం చూశాడు, మబ్బు వైపు చూశాడు.

"దేవుడే వద్దన్నడు, చిన్నాయినా. పొట్టేలు ఊకెనె నిలవడలె," అన్నాను.

"వద్దనలె కొడుకా. ఇంక కాలేదన్నడు. నేనే జర తొందరపడ్డ."

నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండునని ఆ రోజు నాకు అనిపించింది. ఇక చదవను, గొర్లు కాస్తానన్నాను. సరేనని తన గొంగడి నా భుజాన వేసి, కర్ర చేతికిచ్చాడు. ఆ వానాకాలమంతా మంద వెంట తిరిగాను. మొక్కిన పొట్టేలు మందలోనే ఉండేది. ఉన్ని పెరిగి కళ్ల మీద పడుతుండేది. దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది. ఆయన మాత్రం రోజూ దాని కళ్ల మీది ఉన్నిని పక్కకు తోసి మెడ నిమిరేవాడు.

ఒకనాడు ఒక గొర్రె చచ్చిపోయింది. కోస్తే కార్జం, అదే కాలేయం, నిండా పురుగులు. నేను చదివింది గుర్తొచ్చి, అవి నీళ్లలోని నత్తల నుంచి చెరువు అంచు గడ్డికి, గడ్డి నుంచి గొర్రె కడుపులోకి ఎట్లా వస్తాయో పుల్లతో మట్టిలో గీసి చెప్పాను. ఆయన గొంతుక్కూర్చుని చివరిదాకా విన్నాడు. తెల్లారి మందను చెరువు వైపు తోలలేదు.

ఆ సాయంత్రం అన్నాడు: "గింత మంచిగ చెప్పెటోనివి గొర్లకాడ ఎందుకురా? నువ్వు డాక్టరు గాకుంటె నువ్వు చెప్పంగ ఇన్నోళ్లల్ల ఒగలన్న గారా? పో, సదువుకో. నా ఫికర్ చెయ్యకు."

కర్ర నా చేతిలోంచి తీసుకున్నాడు. నేను బీఎస్సీ చదివి, జీవశాస్త్రం చెప్పే పంతులునయ్యాను. సంతోషంగా అయ్యానని చెప్పను. తెల్లకోటు వేసుకున్న వాళ్లు ఎదురైతే చాలా ఏళ్లు తల దించుకునే నడిచాను. సెలవుల్లో ఊరికి పోతే చిన్నాయిన ఒకటే అడిగేవాడు: "ఎవలన్న అయిండ్రా?" లేదనేవాణ్ని. ముసలిదై ఆ పొట్టేలు చచ్చిపోతే, దాని పిల్లల్లో ఒకదాన్ని మళ్లీ బీరప్ప పేరున విడిచిపెట్టాడు.

పోయిన నెల దవాఖానలో చేర్చిన రోజు ఆయనను చూడటానికి వచ్చిన డాక్టరమ్మ నన్ను గుర్తుపట్టి నిలబడిపోయింది. నా దగ్గర చదివిన పిల్ల. అదే ఆమెకు మొదటి ఉద్యోగం.

"ఎవలమ్మా నువ్వు?" అన్నాడు చిన్నాయిన ఆయాసపడుతూ.

"సార్ దగ్గర సదువుకున్న తాతా. కప్పను కోసి గుండెకాయ సూపెట్టింది సారే. ఆ దినమే డాక్టర్ గావాలనుకున్న."

ఆయన కిటికీలోంచి మబ్బు వైపు చాలాసేపు చూశాడు. ఆమె వెళ్లాక నా చెయ్యి పట్టుకున్నాడు. "సూసినవా, ఇంక కాలేదన్నడు గంతే. నేను ఇంటికొచ్చినంక నీళ్లు సల్లుదాం కొడుకా."

ఆయన ఇంటికి రాలేదు. ఆ పిల్ల చేయగలిగిందంతా చేసింది. చివరికి నాకంటే ముందు తనే ఏడ్చింది.

దినాల నాడు ఊళ్లో ముసురు పట్టింది. మైల ఉన్నన్నాళ్లు గుడికి పోకూడదు, మొక్కు ముట్టకూడదు. దొడ్డి దగ్గర ఊరికే నిలబడ్డాను. ఉన్ని కళ్ల మీద పడిన ఆ పొట్టేలు వానలో కదలకుండా నన్నే చూస్తోంది. ఉన్నట్టుండి చెవుల నుంచి తోక దాకా ఒళ్లంతా జాడించింది. తడిసిన గొర్రె ఒళ్లు దులుపుకుంటుందని నాకు తెలుసు. పిల్లలకు పాఠం చెప్పేవాణ్ని, నాకు తెలియదా.

అయినా "చిన్నాయినా, సూడు!" అంటూ వెనక్కి తిరిగాను. కంచె మీద ఆయన గొంగడి ఒక్కటే వానకు తడుస్తూ ఉంది.