అవ్వ గీసిన పచ్చ గీత

నిన్న మదనపల్లెలో పాత సామాన్ల అంగడి ముందు పచ్చ అక్షరాల కంప్యూటర్ ఒకటి కనిపించింది. మన తరంవాళ్లకు అది చూస్తే కాళ్లు ఆగిపోతాయి కదా! నేను మొదట చూసింది తొంభైల్లో, మా అత్త పనిచేసే కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో. నిమ్మనపల్లె నుంచి మా అవ్వ వచ్చిన రోజు, చెప్పులు బయట విడిచి ఇద్దరం లోపలికి వెళ్లాం.

కంప్యూటర్‌కు తగిలించిన వైరు కొసను అత్త, వాళ్లమ్మ అయిన మా అవ్వ చేతిలో పెట్టింది. అది వేడిని కొలుస్తుందట.

"షాక్ కొడతాదేమో అమ్మీ!" అంది అవ్వ.

"ఏం కాదు, గట్టిగా పట్టుకోమ్మా."

తెర మీద పచ్చ గీత ఒకటి మెల్లగా పైకెక్కింది. అవ్వ తెర దగ్గరికి వంగింది. చెయ్యి తీస్తే గీత దిగింది, పట్టుకుంటే మళ్లీ ఎక్కింది.

"ఇది నేను గీస్తాండానా?"

"నీ చేతి వేడే గీస్తాండాది, సూడు."

అవ్వ ఏనాడూ పలక కూడా పట్టలేదు. ప్రింటర్ కిర్రుమంటూ ఆ గీతను కాగితం మీదికి దించితే రెండు చేతులా అందుకుంది. చాలాసేపు చూసి, "దీని కింద నా పేరు రాయి" అని నాకిచ్చింది. నేను పెన్ను మూత తియ్యగానే చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దులే. యాడ మొదలుపెట్టాల్నో సూపించు. నేనే రాస్తా."