విరగని పాలు

మా అత్త శకునాలు నమ్మదు. పిల్లి ఎదురొచ్చినా, ఎవరు తుమ్మినా ఆగే మనిషి కాదు. ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చుంటుంది. సంఘంలో ఎవరి పిల్లకైనా తాయెత్తు కనిపిస్తే ప్రార్థన అయ్యేదాకా కూడా ఆగకుండా తిట్టేస్తుంది. ఒక్క పాల విషయంలో మాత్రం ఆమెను ఏ పాస్టరూ మార్చలేకపోయాడు. పాలు విరిగితే ఇంటికి కీడు. ఇక చేతులారా విరగ్గొడితేనా? ఆ మాట ఆమె పూర్తి చేయదు, చెంపలు వేసుకుంటుంది.

నేను కోడలిగా ఆత్మకూరు వచ్చిన మర్నాడే నాకు వంటిల్లు చూపించింది. పొయ్యి, పప్పు డబ్బాలు అన్నీ ఒక్క చూపులో అయిపోయాయి. పాలగిన్నె దగ్గర మాత్రం నిలబెట్టింది. "నేను కాపరానికొచ్చినాక ఈ ఇంట్లో పాలు ఇరగలేదమ్మే" అంది. గొప్పలా కాదు, బాధ్యత అప్పగిస్తున్నట్టు. దొడ్లో రెండు బర్రెలు, వీధి నిండా పాలు వాడిక పోయించుకునే ఇళ్లు. ఆ ఇంటి పాలు విరిగాయంటే నిన్నటి పాలు కలిపారని అర్థం. అంటే ఆమె పరువంతా ఆ గిన్నెలోనే ఉంది.

నేను తలూపాను. మా ఇంటి సంగతి చెప్పలేదు.

మాది ఉదయగిరి. కొండ కింద ఒంటి గది, రేకుల కప్పు, ఫ్రిజ్ లేదు. ఎండాకాలం పాల ప్యాకెట్ బస్సు దిగి మా ఇంటికొచ్చే సరికే సగం మనసు విరిగి ఉండేది. పొయ్యి మీద పెడితే మిగతా సగం. అమ్మ "పోయినాయి" అని ఒక్క మాట అని, దాన్ని పలచని గుడ్డలో వడకట్టేది. ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, కరివేపాకు నూనెలో వేసి, ఆ పాల ముద్దను చిదిమి, పసుపూ ఉప్పూ వేసి వేయించేది. మిగిలిన నీళ్లతో చపాతీ పిండి కలిపేది. పాలు విరిగిన రోజు మా ఇంట్లో పండగ. విరగకపోతే నేను చిన్నబుచ్చుకునేదాన్ని. అది పన్నీర్ అని, పెద్ద హోటళ్లలో వండుతారని నాకు కాలేజీకి వచ్చాకగానీ తెలియలేదు. తెలిశాక కూడా నమ్మలేదు, హోటల్ ముక్కలు రబ్బరులా ఉండేవి.

పెళ్లయిన రెండో ఏడు కడుపుతో ఉన్నాను. వేవిళ్లు అందరికీ మూడు నెలలు ఉంటాయట. నాకు అయిదో నెల వచ్చినా తగ్గలేదు. అన్నం, గంజి, చారు, చివరికి మంచినీళ్లు కూడా కడుపులో నిలిచేవి కావు. బరువు పెరగలేదని డాక్టరమ్మ గట్టిగా కోప్పడింది, ఉదయగిరి రోడ్డు మీద బస్సు ప్రయాణం వద్దంది. నాకు భయమేసింది. రాత్రిళ్లు కడుపు మీద చెయ్యి పెట్టుకుని, నువ్వన్నా తింటున్నావా అని అడిగేదాన్ని.

అత్త నా మంచం మీద వచ్చి కూర్చుంది. "ఏం తినాలనుండాదో చెప్పు. కడుపుతో ఉండేదాని కోరిక తీర్చకపోతే బిడ్డకి చెవులు కారతాయి."

"అది శకునం కాదా అత్తా?"

"అది శకునం కాదు, అనుభవం."

అమ్మ చేసే వేపుడు తప్ప నాకు ప్రపంచంలో ఏదీ తినాలని లేదు. ఆ సంగతి ఫోన్లో చెబితే అమ్మ హడలిపోయింది. "పాడి ఉండే ఇంట్లో కూచోని ఇరిగిన పాలు కావాలంటావా? మనం ఎట్టా బతికినామో వాళ్లకి తెలియాల్నా? బస్సులో తెద్దామంటే ఈ ఎండకి వాసనొస్తాది. నోరు మూసుకో." సరే, మూసుకున్నాను. అత్త వదలకపోయేసరికి "పన్నీరో చీజో, అట్లాంటిది" అని నసిగాను.

మా ఆయన ఆ సాయంత్రమే బేకరీ నుంచి చీజ్ ముక్కల డబ్బా తెచ్చాడు. ఎట్లా వండాలని ఆయన్ని అడిగితే ఆయనకేం తెలుసు. అత్త తనకు తెలిసినట్టే వండింది. టమాటాల్లో చింతపండు రసం పోసి, మునక్కాయలు వేసినట్టే ఆ ముక్కలన్నీ వేసి పులుసు పెట్టింది. కాసేపటికి మూత తీసి గరిటెతో దేవింది. అడుగుదాకా దేవింది. ఒక్క ముక్క లేదు.

"యాడికి పోయినాయిరా ముక్కలు?" అని కొడుకు మీద పడింది. "కడుపుతో ఉండే మనిషి కూడు తినేదానికి నీకు నోరెట్టా వచ్చింది?"

"నేను తినలేదు మా! అవి కరిగిపోతాయి!"

"కరిగిపోయేదాన్ని ఎవుడన్నా డబ్బాలో పెట్టి అమ్ముతాడా?"

నేను నవ్వాను. నవ్వుతూనే ఏడుపొచ్చింది. ఏడుపులో ఉదయగిరి రేకుల గది, పాల ప్యాకెట్టు, అమ్మ వేపుడు అన్నీ బయటికొచ్చేశాయి. అత్త గరిటె పట్టుకుని అట్లాగే నిలబడింది. పులుసు బర్రెల కుడితిలో పోసి వచ్చింది.

మర్నాడు నాకు చెప్పకుండా ఒక పని మొదలుపెట్టింది. చేతులారా విరగ్గొడితే కదా పాపం, వాటంతట అవే విరిగితే? పొద్దున పిండిన పాలు కాయకుండా, మూత లేకుండా వాకిట్లో ఎండలో పెట్టింది. మధ్యాహ్నం తెచ్చి కాచింది. శుభ్రంగా పొంగాయి, మందాన మీగడ కట్టాయి. ఆ మరుసటి రోజు పాలగిన్నె కడగకుండా వదిలేద్దామనుకుంది. కానీ ఎంగిలి గిన్నె కంట పడితే ఆమె చేతులు ఊరుకోవు. అటూ ఇటూ రెండుసార్లు తిరిగి, మూడోసారి కూర్చుని పీచు పెట్టి తళతళా తోమేసింది. ఆ రోజూ పాలు విరగలేదు.

"దొంగముండ పాలు," అంది గిన్నెను చూస్తూ, "ఎంత మంచిగా ఉండాయో చూడు."

మూడో పొద్దు పొయ్యి ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేయడం నేను తలుపు చాటునుంచి విన్నాను. "ప్రభువా, నీళ్లని ద్రాక్షారసం చేసినోడివి. ఈ లీటరు పాలు ఇరగ్గొట్టేది నీకెంత పని? నా చేత చేయించబాక." పాలు పొంగాయి. ఆమె మంట తగ్గించింది. కాసేపు చూసింది. తర్వాత నిమ్మకాయ కోసి, ముఖం గోడవైపు తిప్పుకుని పిండేసింది.

విరిగిన పాల నీళ్లు కరివేపాకు చెట్టుకు పోస్తుంటే పక్కింటి ఆమె చూసింది. ఆమె బట్టలు కుడుతుంది, మా పాలే పోయించుకుంటుంది. ఆమె చెవిన పడిన మాట గుడ్డముక్కలతో పాటు వీధంతా చేరుతుంది.

"అక్కా, మీ పాలు ఇరిగినాయా?" అంది గోడ మీదికి వంగి.

కుడితి అనొచ్చు. గంజి అనొచ్చు. నేనైతే అనేసేదాన్ని. అత్త చెంబు కింద పెట్టి లేచి నిలబడింది.

"ఇరగలా. ఇరగ్గొట్టినాను. నా కోడలు తింటాది."

ఆమె "యా అల్లా, అంతేనా! మా అమ్మ పండక్కి చేస్తా ఉండె" అని నవ్వి, మిరపకాయలు ఎక్కువేయొద్దని సలహా కూడా ఇచ్చి పోయింది. అయినా మాట వీధిలో మరోలా తిరిగింది. ఒక ఇంటివాళ్లు వాడిక మానేశారు. అత్త ఆ సంగతి నాకు చెప్పలేదు.

వేపుడు పళ్లెంలో పెట్టి నా ముందుంచి, వాంతికి గిన్నె పట్టుకుని గుమ్మంలో కూర్చుంది. అమ్మ చేసినంత బాగా లేదు. కరివేపాకు మాడింది, ఉప్పు తగ్గింది. కానీ వాసన అదే. ఒక ముద్ద తిన్నాను. ఇద్దరం ఎదురుచూశాం. ఏమీ కాలేదు. ఇంకో ముద్ద తిన్నాను. అయిదు నెలల్లో మొదటిసారి నాకు ఆకలేసింది. గిన్నె ఖాళీగానే పక్కన పెట్టి ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను ఒక ముద్ద ఆమెకు అందించాను.

"నా పాలు నేనే చంపి నేనే తినాల్నా?" అంది. తిన్నది. నమిలి, "ఉప్పు తక్కువైంది" అంది.

పాప నిండుగా పుట్టింది. రోజూ స్నానం చేయించాక అత్త ముందు చూసేది చెవులే. కుడిది, ఎడమది, మళ్లీ కుడిది. మూడేళ్లు ఏ లోపమూ లేదు. ఈ వానాకాలం జలుబు చేసి పాపకు ఎడమ చెవి కారింది. జలుబు వల్లేనని డాక్టరు చుక్కల మందు రాసిచ్చాడు. ఇంటికొచ్చేదాకా ఆటోలో అత్త పాప చెవికి కొంగు అడ్డం పెట్టుకునే కూర్చుంది.

వస్తూనే వంటింట్లోకి వెళ్లి లీటరు పాలు పొయ్యి మీద పెట్టింది. ఈసారి ముఖం తిప్పుకోలేదు. వేపుడు చేసి, పళ్లెం తెచ్చి నా ముందు పెట్టింది.

"తిను. ఆనాడు ఆ ముద్ద నేను తినకుండా ఉండాల్సింది."

"అత్తా, చుక్కలు వేస్తే తగ్గిపోతుంది."

"దాని పని అది చేస్తాది. నీ పని నువ్వు చెయ్యి."

పాప వచ్చి నోరు తెరిస్తే "నీకు రేపు చేస్తా. ఈ పొద్దు మీ అమ్మే తినాల" అని ఒళ్లోకి లాక్కుంది. నేను తింటున్నాను. ఈసారి ఉప్పు సరిపోయింది. కరివేపాకు మాడలేదు. నాకు తెలియకుండా ఎన్నిసార్లు చేసి నేర్చుకుందో! ఆనాటిలాగే ఒక ముద్ద ఆమెకు అందించబోయాను.

అత్త రెండు చేతులతో నోరు మూసుకుంది.