ఎర్ర దీపం కింద నాన్న పన్ను

పోయిన వారం మనవరాలిని పంటి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాను. నోట్లో చిన్న బిళ్ళ ఒకటి పెట్టారో లేదో, ఎదుట తెరమీద పిల్ల దంతాలు కుదుళ్ళతో సహా ప్రత్యక్షమయ్యాయి. నేను మాత్రం చీకటి గదిలోంచి ఎవరో తడి ఫిల్ము పట్టుకుని వస్తారన్నట్టు తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను.

అలా వచ్చే మనిషిని ఒకప్పుడు నేనే. అరవైల నడుమ, చదువు ముగించి ఇంట్లో ఉన్న నాకు మా చర్చి పెద్ద ఒకాయన కలకత్తా భవానీపూర్‌లో ఒక బెంగాలీ పంటి డాక్టరు దగ్గర పని చూపించారు. మేముండే సంత్రాగాఛి రైల్వే క్వార్టర్ల నుంచి హౌరాకు లోకల్ బండి, అక్కడినుంచి ట్రాము. నా పని ఎక్స్‌రే ఫిల్ములు కడగడం. బీరువా కంటే కాస్త పెద్దదైన గది, ఎర్ర దీపం, పుల్లటి మందునీళ్ళ వాసన. తపాలా బిళ్ళంత ఫిల్మును ఆ నీళ్ళలో ముంచి కదుపుతుంటే ముందు ఏమీ కనబడదు. తరువాత చలికాలపు పొద్దున గంగమీది మంచులోంచి పడవలు తేలినట్టు ఒక్కొక్క పన్నే తేలివచ్చేది. పైకి ముత్యంలా ఉన్నది లోపల గుల్లైపోయి ఉండడం, చిగుళ్ళు దాటి రాని పన్ను అడ్డంగా పడుకుని ఉండడం అక్కడే చూశాను. ముఖాలు మరిచిపోయిన మనుషుల పళ్ళు నాకిప్పటికీ గుర్తే.

నాన్న టికియాపారాలో రైలు పెట్టెల షెడ్డులో ఫిట్టరు. ఆదివారం మా తెలుగు ఆరాధనలో కీర్తన ఎత్తేది ఆయనే. ఒక ఏడు ఆయన కింది దవడ ముందు భాగం మెల్లగా ఉబ్బింది. నొప్పి లేదు. ఆ నొప్పి లేకపోవడమే అమ్మను భయపెట్టింది, ఎందుకంటే వాళ్ళ నాన్న దవడలో అటువంటి గడ్డతోనే పోయారు. షెడ్డు బయట పళ్ళు పీకే మనిషి ముందుపళ్ళన్నీ తీసేస్తే వాపు దిగుతుందన్నాడట, నాన్న సరేనన్నారట. పళ్ళు లేకుండా కీర్తన ఎలా పాడతారని అమ్మ ఒకటే ఏడుపు.

ఎక్స్‌రే తీయిద్దామన్నాను.

“బతికున్నోడి ఎముకలకి ఫొటో ఏటే? సచ్చినాక సూసుకుందురుగాని!” అని నాన్న కసిరారు.

రెండు రోజులు అన్నం మానేసి మొండికేశాను. మూడోనాడు ఆదివారపు చొక్కా వేసుకుని నా వెంట ట్రామెక్కారు.

డాక్టరు ఫిల్మును కింది పళ్ళ వెనక పెట్టి, వేలితో అదిమి పట్టుకోమన్నారు. యంత్రం జుయ్యిమంది. ఫిల్ము నా చేతికి వచ్చింది. తలుపు మూసుకుని మందునీళ్ళలో ముంచాను. తెల్లగా, వరసగా నాన్న పళ్ళు తేలాయి. ఒక పంటి కుదురు కింద నల్లటి గుండ్రని నీడ. ఆ నీడ చిక్కబడుతున్నకొద్దీ నాకు తాతగారే కళ్ళముందు మెదిలారు.

డాక్టరు ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టి చూసి, “భయ్ నేయ్ దాదా,” భయం లేదంటూ నాన్న భుజం తట్టారు. నిక్షేపంగా కనిపిస్తున్న ఆ పన్ను ఏనాడో చచ్చిపోయింది, దానికింద నీటితిత్తి పెరిగింది, ఆ ఒక్కటీ తీస్తే చాలు అన్నారు. ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అని అడిగారు.

నాన్న వేలితో ఆ పన్నును తడిమి చూసుకున్నారు. తరువాత నావైపు తిరిగి, “నువ్వు కడుపులో ఉన్నావు. షెడ్డులో ఇనప కడ్డీ జారి మూతికి తగిలింది. మీ అమ్మ గాబరా పడిపోద్దని ఇంట్లో సెప్పనేదు,” అన్నారు.

అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు.

పన్ను తీశారు, తిత్తిని పరీక్షకు పంపారు, ప్రమాదమేమీ లేదని తేలింది. పెట్టుడు పన్నుతో పాడిన మొదటి ఆదివారం ‘స’కారం దగ్గర ఈల వినబడితే అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ తరువాత షెడ్డులో ఎవరు దవడ పట్టుకున్నా, “ముందు ఫొటో తీయించుకోరా, పీకుడు తరవాత,” అని నాన్నే తరిమేవారు. మిగిలిన పళ్ళు చివరిదాకా ఆయన సొంతవే.

ఇప్పుడు జబ్బు మొదట్లోనే దొరికిపోతోంది, ఎవరూ రోజుల తరబడి గుండె చిక్కబట్టుకోనక్కర్లేదు. మంచిదే, కాదనను. అయినా, మనకోసం ఒక మనిషి ఏళ్ళతరబడి దాచుకున్న నొప్పి మన చేతుల్లోనే మెల్లగా పైకి తేలుతుంటే ఊపిరి బిగబట్టి చూసిన అటువంటి నాలుగు నిమిషాలు ఈనాటివాళ్ళకు ఎక్కడ దొరుకుతాయో నాకు తెలియదు.