మామగారి అంబాసిడరుకు నేను చేసిన ఆయిలు సేవ

రావులపాలెం నుంచి పిఠాపురం వెళ్ళే దారిలో ఎక్కడైనా రోడ్డు మామూలు కంటే కాస్త నల్లగా మెరుస్తూ కనబడితే, అది ప్రభుత్వం వేసిన తారు కాకపోవచ్చు. నేను పోసిన ఆయిలు కావచ్చు. ఒక ఉదయం ఇంటి పెరట్లో ముగించిన చిన్న పని, ఒక పాత కారు ప్రాణం మీదికీ ఒక పెద్దమనిషి మర్యాద మీదికీ ఎలా వచ్చిందో చెబుతాను. పక్కన పాత గుడ్డ ఒకటి పెట్టుకుని చదవండి. చేతులకు అంటుకోదని హామీ ఇవ్వలేను.

అప్పటికి నాకు పెళ్ళై ఏడాది కాలేదు. భీమవరంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుండేవాణ్ణి. అందువల్ల నాకు ఇంజన్ల సంగతి తెలుసని అత్తవారి ఇంట్లో ఒక నమ్మకం ఉండేది. నిజానికి నేను చెప్పేది కమ్యూనికేషన్ స్కిల్స్. ఎదుటివారి మాటలోని అసలు ఉద్దేశాన్ని గ్రహించడం ఎలా అన్నది అందులో మొదటి పాఠం. అత్తవారి నమ్మకాన్ని సరిదిద్దే అవకాశాలు చాలానే వచ్చాయి. అన్నింటినీ పెద్దమనసుతో వదిలేశాను.

మామగారిది రావులపాలెం పక్క ఊరు, అరటికాయల వ్యాపారం. వయసులో ఉండగా కొనుక్కున్న పెట్రోలు అంబాసిడరు ఇప్పటికీ ఆయన చేతిలోనే ఉంది. పొద్దున్నే ముఖం కడుక్కునే ముందు దాని అద్దం తుడుస్తారు. దారిలో ఎవరైనా "ఏవండీ, బండి అమ్ముతారా?" అని అడిగితే ఆ పూట ఆయనకు అన్నం సహించదు. అలాంటి ఇంజను ఒక్కసారి ఆయిలు లేక పట్టేసిందంటే మళ్ళీ బతికించడానికి సామాను దొరకదు. ఈ ముక్క గుర్తుంచుకోండి. నేను మర్చిపోయింది ఇదే.

దసరా సెలవులకు మా ఆవిడ స్వాతీ నేనూ అక్కడికి వెళ్ళాం. పెళ్ళయ్యాక కూతుర్నీ అల్లుణ్ణీ ఆ బండిలోనే పిఠాపురం తీసుకెళ్ళి, కుక్కుటేశ్వరస్వామినీ పురుహూతికా అమ్మవారినీ చూపిస్తానని మామగారి మొక్కు. ప్రయాణానికి ముందు ఆయిలు మార్పించాలి, మెకానిక్ దగ్గరికి వెళ్ళొస్తానన్నారు.

"మెకానిక్ ఎందుకండీ? నేను మారుస్తాను," అన్నాను. ముందు రాత్రే ఒక వీడియో చూసి ఉన్నాను. మనిషిని పాడుచేయడానికి ఒక్క వీడియో చాలు.

"అబ్బే, మీకెందుకండీ శ్రమ," అన్నారు మామగారు.

"శ్రమేముందండీ!"

"బట్టలు పాడవుతాయండి."

"పాత లుంగీ ఇప్పించండి."

"సెలవులకొచ్చారు, హాయిగా పడుకోండి అల్లుడుగారూ."

ఇక్కడ మీకు మా ప్రాంతం గురించి ఒక మాట చెప్పాలి. మా వైపు విస్తరి ముందు కూర్చున్నవాడు "వద్దండి" అంటే, మొహమాటపడుతున్నాడని ఇంకో గరిటె వడ్డిస్తాం. చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందులోంచి వడ్డిస్తాం. ఆ లెక్కన మామగారి "వద్దు"లన్నీ నాకు ఆహ్వానాల్లా వినిపించాయి. పాపం, ఆయన తన బండిని కాపాడుకోవడానికి తెలిసిన మర్యాదలన్నీ వాడి చూశారు. అంతకంటే గట్టిగా అల్లుడికి అడ్డుపడే మాట ఆయన దగ్గర లేదు.

పెరట్లో చాప వేయించుకుని బండి కింద దూరాను. కాళ్ళు మాత్రమే బయట ఉన్న అల్లుడికి అత్తగారు కాఫీ పట్టుకొచ్చి, ఎక్కడ పెట్టాలో తెలియక నా మోకాలి పక్కన పెట్టారు. పాత ఆయిలు గిన్నెలోకి కొంతా నా మోచేతి మీదుగా చంకలోకి కొంతా దిగింది. తర్వాత ఇంజను పక్కనున్న ఫిల్టరు డబ్బా ఊడదీసి, లోపలి ఫిల్టరు మార్చి, ఆయిలు కారకుండా దానితో వచ్చిన కొత్త రబ్బరు రింగు పెట్టాను. మామగారు పక్కన గొంతుక్కూర్చుని చూస్తున్నారు.

"అల్లుడుగారూ, పైన గాడిలో పాత రింగు ఒకటి అంటుకుపోయి ఉంటుందేమోనండి..."

"ఉండదండీ. వీడియోలో లేదు."

"అయితే ఉండదులెండి," అన్నారాయన.

ఆ వీడియో వేరే దేశపు వేరే బండిది. పాత రింగు గాడిలోనే ఉంది. దాని మీద కొత్త రింగు, దాని మీద డబ్బా, ఆ పైన నా గర్వం. రెండు రింగులు ఒకదాని మీద ఒకటి ఎక్కితే ఏదీ సరిగ్గా కూర్చోదు. అల్లుళ్ళ విషయంలోనూ అంతే అనుకుంటాను.

ఆయిలు పోసి స్టార్టు చేశాం. "ఎలా ఉందండీ?" అన్నాను.

"ఆయ్, వెన్నలా ఉందండి," అన్నారు మామగారు. అప్పటికే కింద వెన్న కరుగుతోంది. నేను వంగి చూడలేదు. మెచ్చుకోలు పైనుంచి వస్తుంటే కిందకు చూడాలని ఎవరికి తోస్తుంది చెప్పండి?

మర్నాడు బండి కింద ఒక బేసిన్ కనబడింది.

"ఇదేంటండీ అత్తయ్యగారూ?"

"పిల్లికి నీళ్ళండి బాబూ."

ఆ పిల్లిని నేనెప్పుడూ చూడలేదు. ఆ మర్నాడు అక్కడంతా ఊక చల్లి ఉంది. అదీ పిల్లికేనట. సొంత మంచం లేనివాళ్ళున్న ఈ లోకంలో ఇంత సదుపాయం ఉన్న పిల్లి ఎక్కడుందోనని అబ్బురపడ్డాను. స్వాతి మాత్రం నేను బండి సంగతి ఎత్తినప్పుడల్లా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయేది. భర్త పనితనానికి పొంగిపోతోందనుకున్నాను. మామగారు ఆమె చేత ఒట్టు వేయించుకున్నారని తర్వాత తెలిసింది. నేనుండగా బండిని మెకానిక్ దగ్గరికి పంపితే నేను నొచ్చుకుంటానట. సెలవులై నేను వెళ్ళాక చూపించవచ్చని ఆయన ఆలోచన. కాని మొక్కు రోజు ముందొచ్చింది.

ప్రయాణంలో ముందు సీట్లో నేను. వెనక స్వాతి, అత్తగారు. అత్తగారి ఒళ్ళో పెద్ద గుడ్డ సంచి. దించి కింద పెట్టబోతే ఆవిడ గబుక్కున పట్టుకున్నారు.

"అందులో ఏమున్నాయండీ, ఇంత బరువు?"

"అమ్మవారికి చీరండి బాబూ."

చీర లోపల గళగళమంది. పట్టుచీరేమో అనుకున్నాను.

జొన్నాడ వంతెన దాటగానే మామగారు బండి పక్కకు తీశారు. "గోదారి చూద్దురుగాని, దిగండి అల్లుడుగారూ."

నేను పుట్టింది గోదావరి జిల్లాలో, చదివింది గోదావరి జిల్లాలో. అయినా పెద్దాయన మాట కాదనలేక దిగి వంతెన దాకా నడిచి గోదావరిని చూశాను. అదీ నన్ను చూసింది. ఇద్దరికీ కొత్త విషయాలేమీ లేవు. తిరిగి వచ్చేసరికి మామగారు బానెట్ మూస్తున్నారు.

"ఏంటండీ?"

"ఏం లేదండి, ఇంజనుకు కాస్త గాలి తగలనిచ్చాను."

మండపేటలో కొబ్బరి బొండాలకు ఆపారు. పది గజాల దూరంలో తోపుడుబండి మీద బొండాలు పెట్టుకుని ఒకాయన ఉండగా, "ఆ మూలమీద కొట్లో నీళ్ళు తియ్యగా ఉంటాయండి," అని నన్ను వీధి చివరికి పంపారు. తోడుగా స్వాతి వచ్చింది. దారంతా ఏదో చెప్పబోయి, వెనక్కి తిరిగి తండ్రి వైపు చూసి, మళ్ళీ నోరు మూసుకుంది.

"ఏంటి?" అన్నాను.

"మీరు చాలా మంచివారు," అంది. పెళ్ళైన దగ్గర్నుంచి ఆమె నాకిచ్చిన కితాబుల్లో అంత జాలిగా ఇచ్చింది ఇంకొకటి లేదు.

సామర్లకోటలో అత్తగారికి పూలు కావలసి వచ్చాయి. అప్పటికే ఆవిడ తలలో సగం తోట ఉంది. మళ్ళీ ఎక్కాక నేను హాయిగా వెనక్కి వాలి, "చూశారా మామగారూ, మన చేత్తో మార్చుకుంటే ఇంజను ఎంత నిమ్మళంగా నడుస్తుందో!" అన్నాను.

"మరేనండి," అన్నారాయన. ఆ దారంతా ఆయన చెవి ఇంజను మీదే ఉంది. మంచం పట్టిన మనిషి ఊపిరిని పక్కవాళ్ళు ఎలా వింటారో అలా. అది నేను ఇప్పుడు చెప్పగలుగుతున్నాను. అప్పుడు రోడ్డు మీద దృష్టి అనుకున్నాను.

పిఠాపురం చేరి గుడి దగ్గర బండి ఆపాం. దిగి చెప్పులు సర్దుకుంటుండగా అక్కడ వాహనాలు చూసుకునే మనిషి కేకేశాడు. ఆయన మా చుట్టం కాదు, నేను ఆయనకు అల్లుణ్ణి కాను.

"ఎవరిదండీ ఈ అంబాసిడరు? కింద చెరువైపోతుంటే చూసుకోరా? భక్తులు కాలు జారి పడిపోరూ?"

నేను మామగారి వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

"మాది కాదండి," అన్నారు.

చేతిలో తాళాలు. రెండో చేతిలో కండువా. ఆ కండువాతో, అలవాటు కొద్దీ, బానెట్ తుడుస్తున్నారు.

"మీది కానప్పుడు తుడుస్తున్నారేంటండీ?"

"దుమ్ముందండి," అన్నారు మామగారు.

అప్పుడు వంగి చూశాను. చినుకు తర్వాత చూరు కారినట్టు ఒక్కొక్క చుక్కా జారుతోంది. పిల్లి, ఊక, గోదావరి, బొండాలు, పూలు అన్నీ వరసగా ఆ నల్లటి మడుగులో కనబడ్డాయి. అన్నిటికంటే కింద నా ముఖం కనబడింది, కొంచెం వంకరగా. ఎవరైనా అమ్ముతారా అంటేనే అన్నం మానేసే మనిషి, నా పరువు పోకూడదని నలుగురిలో ఆ బండే తనది కాదన్నాడు.

"నాదేనండి," అన్నాను ఆ మనిషితో. "ఆ కారుతున్నది నేను చేసిన పనేనండి."

"హమ్మయ్య!" అంది స్వాతి, గుడి ముందే ఒట్టు గట్టున పెట్టేసి. "ఎన్ని రోజులు నవ్వాపుకోవాలండీ మనిషన్నాక?"

అత్తగారు సంచి విప్పారు. అమ్మవారి చీర కింద ఆయిలు డబ్బాలు, ఖాళీవి ఎక్కువ, నిండువి తక్కువ.

"మొదటి రోజే చెప్పకూడదాండీ?" అన్నాను మామగారితో.

"చెబుదామనే అనుకున్నానండి. మీరు కాఫీ కూడా తాగకుండా మురిసిపోతున్నారు. చల్లారాక చెబుదామనుకున్నాను."

"కాఫీయా, నేనా?"

"ఇద్దరూనండి."

ఇంజను చల్లారేలోపు దర్శనం చేసుకుని వచ్చాం. అమ్మవారికి ఇచ్చిన చీర అంచున ఒక మరక ఉంది. దాని గురించి నేను విడిగా క్షమాపణ చెప్పుకున్నాను. మామగారు డబ్బా ఊడదీసి నాకే అప్పగించారు. అత్తగారు మంగళసూత్రానికి పెట్టుకున్న పిన్నీసు తీసి ఇస్తే, దానితో గాడిలోంచి పాత రింగు పెకలించాను. ఎండిన మినపగారె అంచులా ముక్కలుముక్కలుగా వచ్చింది. కొత్తది దాని చోట కూర్చోబెట్టి, డబ్బా ఎక్కించి అడిగాను.

"ఇప్పుడు సరిగ్గా ఉందాండీ?"

మామగారు చూశారు. ఒక జీవితకాలపు మర్యాద ఆయన గొంతులో అడ్డం పడడం నాకు కనిపించింది. చివరికి నేల వైపు చూస్తూ అన్నారు.

"లేదండి. ఎడమవైపు కొంచెం లేచి ఉంది."

ఆ ఇంట్లో నాకు దొరికిన మొదటి "లేదండి" అది. పెళ్ళిలో పెట్టిన ఉంగరం కంటే దాన్ని భద్రంగా దాచుకున్నాను. ఆ రోజు నుంచి నేను వాళ్ళకు అతిథిని కాకుండా పోయాననుకుంటాను. సరిచేసి బిగించాను. తిరుగు ప్రయాణంలో ఎక్కడా ఆగలేదు. గోదావరి తనంతట తానే కిందనుంచి వెళ్ళిపోయింది.

ఆ అలవాటు మాత్రం మామగారికి బాగా పట్టుబడింది. ఇప్పుడు నా పాట గురించి, నా చొక్కా గురించి, నేను కోసే అరటికాయ గురించి కూడా ఆయన మొహమాటం లేకుండా చెబుతున్నారు. అత్తగారు ఇంకా వేగంగా నేర్చుకున్నారు.

కాబట్టి కుక్కుటేశ్వరుడి సాక్షిగా, పురుహూతికా అమ్మవారి సాక్షిగా, మరకపడిన ఆ చీర సాక్షిగా పాఠకుల ముందు ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ బండికీ ఆయిలు మార్చను. కర్మ కాలి ఎప్పుడైనా మార్చితే, ఎలా ఉందని పక్కవాళ్ళను అడగను. వంగి చూస్తాను.