ప్రసారమైన పూర్వపక్షం

నాకు వాదించడం నేర్పిన పెద్దలు మొదట ఒక నియమం పెట్టారు. ఎదుటివాడి మాటను వాడికన్నా బలంగా నువ్వే చెప్పాలి, సభ అవునని తలూపాలి, ఆ తర్వాతే దాన్ని ముక్కలు చేయాలి. దీన్నే పూర్వపక్షం అంటారు. జాతకాల మీద, చేతబడి మీద, వితంతువుల పెళ్ళి మీద ముప్ఫై ఏళ్ళుగా ఎమ్మిగనూరు చుట్టుపక్కల ఊళ్ళలో నేను మాట్లాడిన పద్ధతి ఇదే. చేతబడి ఉందని పది నిమిషాలు నేనే నమ్మించి, ఆ పైన దాని పేగులు బయటికి లాగేవాణ్ణి. మధ్యలో లేచిపోయినవాడు ఏ నమ్మకంతో ఇల్లు చేరుతాడో ఒక్కనాడూ ఆలోచించలేదు.

ఆ మధ్య దూరాన ఒక నగరంలో బాంబు పేలింది. పట్టుబడినవాడు ముస్లిం కుర్రాడు. నాలుగు రోజులు టీవీలో అదే కాలిపోయిన సంచి, అదే ఏడుస్తున్న తల్లి, వెనకాల సంగీతం. ఎందుకు జరిగిందని అడిగినవాణ్ణల్లా దేశద్రోహి అన్నారు. ఊళ్ళో విషజ్వరాలు వస్తే ఏ నీళ్ళు తాగారని అడుగుతాం. ఇక్కడ నీళ్ళ సంగతి ఎత్తినవాడు జ్వరం పక్షం వాడైపోయాడు. నాకు ఒళ్ళు మండింది. ఆదోనిలో కేబుల్ చానల్ నడిపే ఒకతను కారణాల మీద మాట్లాడమని పిలిస్తే, పరిగెత్తుకుంటూ పోయాను.

నలభై నిమిషాలు మాట్లాడాను. అలవాటు ప్రకారం పూర్వపక్షంతో మొదలుపెట్టాను. "ఇది వాళ్ళ రక్తంలోనే ఉంది. పాతికేళ్ళు పక్కింట్లో ఉన్నా ఏనాడు తిరగబడతారో తెలియదు. నమ్మి ఇంట్లోకి రానిస్తే అంతే సంగతులు." గొంతు పెంచి, వేలు చూపించి చెప్పాను. ఆ తర్వాత, ఇదీ ఇంటింటా వినిపిస్తున్న వాదం, ఇందులో ఒక్క ముక్కా నిలవదు అని మొదలుపెట్టి మిగతా సమయమంతా దాన్ని చీల్చాను. కుర్రాళ్ళను ఎగదోసి తాము చాటున ఉండే పెద్దలను, వాళ్ళు చూపించే గ్రంథాలను, అవమానాలను, అమాయకులను ఏళ్ళ తరబడి జైళ్ళలో ఉంచే ప్రభుత్వాలను, ఎవరినీ వదల్లేదు. ఒక్కడు చేసినదానికి వాడి మతంలో పుట్టినవాళ్ళందరినీ నిలదీయడం కూడా ఆ కారణాల్లో ఒకటని చెప్పి ముగించాను.

చానల్ వాళ్ళు మొదటి అర నిమిషం మాత్రం వేశారు. కింద 'హేతువాది నోట నిజం' అని ఎర్ర అక్షరాలు. సాయంత్రానికి అది గోనెగండ్ల దాకా ఫోన్లన్నిటిలోకి చేరింది.

మా అక్క ఊరు గోనెగండ్ల దగ్గరే. ఆ నెలలో మేనకోడలి పెళ్ళి. వాళ్ళింట్లో పెళ్ళి పరుపు కొనరు. కొత్త పత్తి తెచ్చి, పెళ్ళికూతురి వాకిట్లోనే ఏకించి కుట్టిస్తారు. తల్లి పసుపు నీళ్ళలో ముంచిన దారం ఇస్తే, దాంతో మొదటి కుట్టు పడుతుంది. పదిహేనేళ్ళుగా ఆ కుట్టు వేసేది ఆదోని దూదేకులాయన, ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లిం. ఆయనకు తాళం ఇచ్చి అందరూ చేనికి పోయిన రోజులున్నాయి. పాత పరుపులు విప్పి ఎండకు వేసి, దూది ఏకి, మళ్ళీ కుట్టి, వాకిలి ఊడ్చి పోయేవాడు.

అక్క ఆయనకు ఫోను చేసి రావద్దంది. షాపులో పరుపు కొంటామంది. అక్క ఇల్లు ఊళ్ళో పెద్దిల్లు. అక్కడ వద్దంటే ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఏ వాకిలీ ఆయనకు తెరుచుకోదు. ఏడాదిలో ఆయనకు పని దొరికేది ఈ పెళ్ళిళ్ళ కాలంలోనే.

చానలతని దగ్గరికి పోయి మొత్తం వేయమన్నాను. అతను టీ తెప్పించాడు. "మీరన్న మాటే కద సార్ ఏసినాము. మేమేమన్నా కొత్తగా సేర్చినామా?" అన్నాడు. మిగతాది వేస్తే ఎవరూ చూడరన్నాడు. మళ్ళీ వచ్చే వారం మూఢనమ్మకాల మీద మాట్లాడమని కూడా అడిగాడు.

అక్కణ్ణుంచి దూదేకులాయన కొట్టుకు పోయాను. దిండ్లు కుడుతున్నాడు. కూర్చోమన్నాడు, ముఖం చూడలేదు. "మా బజార్లో ఉర్దూ సరిగా రాదని నన్ను ఎగతాళి సేస్తారు సార్. సగం సాయిబంటారు. మీ పుణ్యాన పూర్తిగా అయినాను."

నేను పూర్వపక్షం గురించి వివరించబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఆ మాట మీరన్నారా, లేదా?"

"అన్నాను. కానీ..."

"ఆ కానీ అన్నది వాళ్ళ ఫోన్లలో లేదు సార్."

నాతో అక్క ఊరికి రమ్మని బతిమాలాను. పెళ్ళికూతురి మేనమామను, నా మాట తీసేయరన్నాను. చేతిలోని దిండు కుట్టడం ముగించి, ఒప్పుకున్నాడు. రెండో రోజు పొద్దున దూది ఏకే మిషను ఆటోలో వేసుకుని ఇద్దరం పోయాము.

వాకిట్లో పదిమంది చేరారు. ముప్ఫై ఏళ్ళలో ఎన్నడూ మాట్లాడనంత బాగా మాట్లాడాను. ఈసారి పూర్వపక్షం లేదు. నేను చెప్పదలచినదే చెప్పాను. అంతా మర్యాదగా విన్నారు. పక్కింటి రైతు తువ్వాలు దులుపుకుంటూ, "టీవీలో ఒకటి, ఈడొకటా అప్పా? ఆయప్ప పక్కన ఉన్నాడని మాట మార్సినావు" అన్నాడు. కొందరు నవ్వారు. చేతబడి గురించి మాట్లాడినప్పుడు నవ్వింది కూడా వీళ్ళే. అప్పుడు నా వాదానికి నవ్వుతున్నారనుకునేవాణ్ణి.

అక్క నన్ను గడప లోపలికి పిలిచింది. గొంతు తగ్గించిందే గానీ బయటికి వినపడుతూనే ఉంది.

"మీ బావతో నేను సెప్తాలే తమ్ముడా. కుట్టనీ. అయితే అయిపొయ్యేదాకా నువ్వు ఆయప్ప దగ్గరే కూసో. లోపలంతా ఆడపిల్లలుండారు."

నేను మండిపడాల్సింది. మిషను మళ్ళీ ఆటోలో వేయించాల్సింది. బయటికి వచ్చి ఆయన ముఖం చూశాను. అన్నీ విన్నాడు. అయినా అప్పటికే పత్తి మూట విప్పుతున్నాడు. ఆత్మగౌరవం మీద నేనిచ్చిన ఉపన్యాసాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒక్కటీ ఆ మూట ముందు నోరు తెరవలేకపోయింది. ఆయన ఈ వాకిట్లో కుట్టాడని తెలిస్తేనే పక్క ఊరు పిలుస్తుంది.

అక్క దారం తెచ్చింది. ఎప్పుడూ చేతికిచ్చేది. ఆ రోజు పరుపు గుడ్డ మీద పెట్టి లోపలికి పోయింది. తలుపు దగ్గరగా వేసుకుంది. ఆయన ఆ దారాన్ని దబ్బనంలోకి ఎక్కించి మొదటి కుట్టు వేశాడు.

నేను కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఎండ వాకిలి సగానికి వచ్చింది. దూది పీచు ఇద్దరి మీదా పడుతోంది. మధ్యాహ్నానికి గొంతు ఎండిపోయి నీళ్ళ కోసం లేవబోయాను.

ఆయన దబ్బనం ఆపకుండానే, "కూసోండి సార్. మీరు లేస్తే నన్నూ లేయమంటారు" అన్నాడు.

కూర్చున్నాను. నాలుగు అంచులూ కుట్టడం పూర్తయ్యేదాకా అక్కణ్ణుంచి కదలలేదు.